ఎవరికి అమ్ముతున్నామో అడగండి: తెలుగు ఎంపీలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పార్లమెంటు సభ్యులకు,

లోక్‌సభలో మీరు 42 మంది, రాజ్యసభలో 18 మంది. కూర్చునే వైపులు వేరైనా 60 మందికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. నదీజలాల మీద, విభజన హామీల మీద, విశాఖ ఉక్కు మీద మీరు చాలాసార్లు గొంతెత్తారు. ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు కూడా. నేను అడగబోయేది ఆ పట్టికలోకి ఇంతవరకు ఎక్కని సంగతి. మన గడ్డ మీద తయారవుతున్న ఆయుధాలు దేశం దాటి ఎవరి చేతుల్లోకి పోతున్నాయి, అక్కడ ఎవరి అన్నం కుండ మీద పడుతున్నాయి అన్నది.

హైదరాబాద్ ఆయుధాల ఊరని మనకు ఎప్పటినుంచో తెలుసు. కంచన్‌బాగ్‌లో 1970 నుంచి భారత్ డైనమిక్స్ ఉంది. మిధాని ఉంది, డీఆర్‌డీఓ లాబ్‌లు ఉన్నాయి. ఎద్దుమైలారంలో సైనిక కవచ వాహనాల ఫ్యాక్టరీ ఉంది. సంతోష్‌నగర్, చంపాపేట వైపు ఏ సందులోకి వెళ్లినా, నాన్నో మామయ్యో అక్కడ ఉద్యోగం చేశారని చెప్పేవాళ్లు తగులుతారు. ఆ తరం చేసిన పని దాదాపు అంతా మన సైన్యం కోసమే. గత పదేళ్లలో అది మారింది. ఇజ్రాయెల్‌కు చెందిన రఫేల్‌తో కలిసి కల్యాణి గ్రూపు 2017లో ఇక్కడ క్షిపణుల యూనిట్ తెరిచింది. 2018 డిసెంబర్‌లో అదానీ, ఇజ్రాయెల్ కంపెనీ ఎల్బిట్ కలిసి హెర్మెస్ 900 డ్రోన్ల ఫ్యాక్టరీ పెట్టాయి. ఇజ్రాయెల్ బయట ఆ డ్రోన్‌కు అదే మొదటి ఫ్యాక్టరీ. బ్రహ్మోస్ ఫిలిప్పీన్స్‌కు వెళ్లింది, ఆకాశ్ ఆర్మేనియాకు వెళ్లింది. రాకెట్లకు ఘన ఇంధనం తయారుచేసే యాదాద్రి భువనగిరి జిల్లా ప్రైవేటు కంపెనీ ఒకటి తనకు ఇజ్రాయెల్ ఆర్డర్లున్నాయని ఇన్వెస్టర్లకు తానే చెప్పుకుంది.

2013-14లో మన దేశం ఎగుమతి చేసిన రక్షణ సామగ్రి విలువ 686 కోట్ల రూపాయలు. 2024-25లో 23,622 కోట్లు. ఇందులో 15,233 కోట్లు ప్రైవేటు కంపెనీలది. ఆ ఒక్క ఏడాదే ప్రభుత్వం 1,762 ఎగుమతి అనుమతులిచ్చింది. 2029 నాటికి 50,000 కోట్లకు చేరాలన్నది లక్ష్యం. ఈ అంకెలన్నీ ప్రభుత్వం తనంతట తాను, గర్వంగా, పత్రికా ప్రకటనల్లో చెప్పినవే. ఆ 1,762లో ఏ అనుమతి ఏ దేశానికి, ఏ సరుకుకు అన్నది మాత్రం వాటిలో ఉండదు. సభలో అడిగితే వ్యూహాత్మక కారణాల వల్ల చెప్పలేమంటారు. ఎంతకు అమ్మామో చెప్పడానికి అడ్డురాని రహస్యం, ఎవరికి అమ్మామనేసరికి అడ్డొస్తుంది.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. ఈ ఫ్యాక్టరీలు మూయించమని నేను అడగడం లేదు. సరిహద్దులున్న దేశానికి సైన్యం కావాలి, సైన్యానికి ఆయుధం కావాలి. పాలిటెక్నిక్ చదివిన పిల్లలకు ఇంటికి దగ్గర్లో ఉద్యోగం కావాలి. ఆ ఉద్యోగంలో ప్రాణాలు కూడా పోతున్నాయి. 2025లో యాదాద్రి జిల్లాలోని పేలుడు పదార్థాల యూనిట్లలో ప్రమాదాలు జరిగి కార్మికులు చనిపోతే, వాళ్ల గురించి మన దగ్గర జరిగిన చర్చ పరిహారం దగ్గర మొదలై పరిహారం దగ్గరే ముగిసింది. అది వేరే ఉత్తరం రాయవలసిన సంగతి.

మరి యుద్ధం గురించి మన దగ్గర చర్చే లేదా అంటే, కావలసినదానికంటే ఎక్కువే ఉంది. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ నాలుగు రోజులూ టీవీ చూసినవాళ్లకు తెలుసు. వార్తకు ముందు సైరన్, వార్త తర్వాత సైరన్, మధ్యలో బంగారు నగల ప్రకటన. జనానికి ఆ మోత అలవాటైపోతే నిజంగా సైరన్ మోగిన రోజున ఎవరూ పట్టించుకోరన్న భయంతో, కార్యక్రమాల్లో ఆ శబ్దం వాడొద్దని కేంద్ర హోం శాఖలోని పౌర రక్షణ విభాగం చానళ్లకు చెప్పవలసి వచ్చింది. క్షిపణి ఎంత దూరం పోతుందో, ఎంత వేగంగా పోతుందో, దాన్ని చేసిన కంపెనీ షేరు ఎంత పెరిగిందో ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిపోయింది. అది పడ్డచోట మర్నాడు పొయ్యి వెలుగుతుందా అని స్టూడియోలో కూర్చున్న విశ్రాంత అధికారుల్లో ఒక్కరినీ ఎవరూ అడగలేదు.

ఇంకోవైపు శాంతి కోరేవాళ్ల చర్చ ఉంది. నేను ఆ సభలకు వెళతాను, ఆ కరపత్రాలు చదువుతాను. అక్కడ ఒక లెక్క తప్పకుండా వినిపిస్తుంది. స్టాక్‌హోమ్‌లోని సిప్రి సంస్థ లెక్క ప్రకారం 2024లో ప్రపంచ దేశాలన్నీ సైన్యాల మీద పెట్టిన ఖర్చు 2,71,800 కోట్ల డాలర్లు. అదే ఏడాది ప్రపంచ ఆహార కార్యక్రమానికి అందిన సొమ్ము వెయ్యి కోట్ల డాలర్ల లోపే. ఈ రెండంకెలూ పక్కపక్కన పెట్టి, ఒక యుద్ధవిమానం ధరతో ఎన్ని లక్షల మందికి అన్నం పెట్టవచ్చో చెబితే చప్పట్లు పడతాయి. నాకు ఈ లెక్క మీద నమ్మకం లేదు. సైన్యం ఖర్చులో మిగిలిన రూపాయి నడుచుకుంటూ అంగన్‌వాడీకి వెళ్లిన సందర్భం నేను చూడలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతానికి, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతానికి రక్తహీనత ఉందని తేలింది. ఆ పాపం కంచన్‌బాగ్‌ది కాదు. బడిలో మధ్యాహ్న భోజనం వండే అమ్మకు కేంద్రం ఖరారు చేసిన గౌరవ వేతనం 2009 నుంచి నెలకు వెయ్యి రూపాయల దగ్గరే ఉండిపోయింది. క్షిపణులు ఆపేసినా అది పెరగదు, పెంచాలని ఎవరైనా అనుకుంటే తప్ప.

డబ్బు లెక్కలో పడితే అసలు సంగతి చేజారిపోతుంది. యుద్ధంలో ఆకలి డబ్బు చాలక వచ్చేది కాదు. దారి మూసి, రేవు మూసి, బావి పూడ్చి, బేకరీ కూల్చి, లారీ తగలబెట్టి తెప్పించేది. అందుకు ఆయుధం కావాలి. ఆ ఆయుధం ఎక్కడో తయారవుతుంది, ఎవరో అమ్ముతారు.

సూడాన్ సంగతే చూడండి. అక్కడి సైన్యానికీ, ఆర్‌ఎస్‌ఎఫ్ అనే అర్ధసైనిక దళానికీ 2023 ఏప్రిల్ 15న యుద్ధం మొదలైంది. ఉత్తర దార్ఫుర్ రాజధాని ఎల్ ఫషేర్‌ను 2024లో ఆర్‌ఎస్‌ఎఫ్ చుట్టుముట్టింది. ఆ ఊరి పక్కనున్న జంజం శిబిరంలో కరువు ఉందని 2024 ఆగస్టు 1న అంతర్జాతీయ నిపుణుల కమిటీ నిర్ధారించింది. ఈ నిర్ధారణ ఆషామాషీగా చేసేది కాదు. ప్రతి ఐదు కుటుంబాల్లో ఒకదానికి తిండి దాదాపుగా అందకపోవాలి, ప్రతి పది మంది పిల్లల్లో ముగ్గురు తీవ్రంగా చిక్కిపోయి ఉండాలి, పది వేల మందికి రోజుకు ఇద్దరు చొప్పున చనిపోతూ ఉండాలి. ఈ హద్దులు దాటాయని నిపుణులు తేల్చాకగాని ఆ పేరు పెట్టరు.

2025 వచ్చేసరికి ఎల్ ఫషేర్ చుట్టూ మట్టికట్ట పోశారు. ఉపగ్రహ చిత్రాల్లో దాని పొడవు 30 కిలోమీటర్లు దాటింది. బయటినుంచి జొన్నల బస్తా లోపలికి పోకూడదు, లోపలినుంచి మనిషి బయటికి రాకూడదు. లోపల చిక్కుకున్న జనం అంబాజ్ తిని బతికారు. వేరుశనగ నూనె తీయగా మిగిలిన చెక్క అది. అనంతపురం జిల్లా రైతుకు దాని గురించి వివరించనక్కర్లేదు, రోజూ పశువుల ముందు పెట్టేదే. ప్రపంచంలో వేరుశనగ ఎక్కువగా పండించే దేశాల్లో సూడాన్ ఒకటి. పంట పండే నేల మీద, ఆ పంట తాలూకు పిప్పి తిని మనుషులు ప్రాణం నిలుపుకోవలసి వచ్చింది. 2025 జూన్ 2 రాత్రి అల్ కోమా దగ్గర, ఎల్ ఫషేర్‌కు ఆహారం తెస్తున్న 15 ఐక్యరాజ్యసమితి లారీల మీద దాడి జరిగి ఐదుగురు చనిపోయారు. మీరు చేశారంటే మీరు చేశారని రెండు పక్షాలూ తోసుకున్నాయి. అక్టోబర్ 26న ఊరు ఆర్‌ఎస్‌ఎఫ్ చేతికి చిక్కింది, ఆ వెంటనే ఊచకోత జరిగింది. నవంబర్‌లో ఎల్ ఫషేర్‌తోపాటు కాదుగ్లి పట్టణంలోనూ కరువు నిర్ధారించారు.

దార్ఫుర్‌కు ఆయుధాలు పంపకూడదని భద్రతామండలి 2004లోనే నిషేధం పెట్టిందని గుర్తుపెట్టుకుని ఇది చదవండి. బల్గేరియాలో తయారైన మోర్టార్ గుండ్లు, ఫ్రాన్స్ పరికరాలు బిగించిన యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ కవచ వాహనాలు, చైనా బాంబులు సూడాన్ యుద్ధంలో కనిపించాయని ఫ్రెంచి పాత్రికేయులు, ఆమ్నెస్టీ పరిశోధకులు ఆధారాలతో రాశారు. ఎమిరేట్స్ తాను అక్కడ ఏ పక్షానికీ ఆయుధాలివ్వడం లేదంటుంది. బల్గేరియా తాను సూడాన్‌కు అనుమతి ఇవ్వలేదంటుంది. ఎవరి కాగితం వాళ్ల దగ్గర సక్రమంగానే ఉంది. తిలాపాపం తలా పిడికెడు. ఆయుధం కొనేవాడు దాన్ని తానే వాడతానని, మరొకరికి ఇవ్వనని రాసిచ్చే తుది వినియోగ ధ్రువపత్రం ఒకటి ఉంటుంది. ఆ తర్వాత ఎవరైనా వెళ్లి చూస్తారా లేదా అన్నదాని మీదే దాని విలువంతా.

ఇది ఐరోపావాళ్ల తలనొప్పి, మనకెందుకు అనుకోవద్దు. మన దగ్గర ఐరోపా దేశాలు కొన్న ఫిరంగి గుండ్లు ఉక్రెయిన్‌కు చేరాయని, రష్యా అభ్యంతరం చెప్పినా ఆగలేదని 2024 సెప్టెంబర్‌లో రాయిటర్స్ రాసింది. అదంతా ఊహాగానం, తప్పుదారి పట్టించే కథనం అని మన విదేశాంగ శాఖ కొట్టిపారేసింది. ఎవరిది నిజమో తేల్చడం నా వల్ల అయ్యే పని కాదు. మీ వల్ల అవుతుంది. మన గుండు ఎటు పోయిందో విదేశీ వార్తాసంస్థ చెప్పడం, మన ప్రభుత్వం కాదనడం, అంతటితో అయిపోవడం! మధ్యలో పార్లమెంటు అనేది ఒకటి ఉన్నట్టు ఎవరికీ గుర్తు రాలేదు.

ఇక గాజా. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు, వందల మందిని బందీలుగా పట్టుకుపోయారు. అది నేరం. ఆ నేరానికి శిక్ష పసిపిల్లల పాలడబ్బా మీద వేయవచ్చని ఏ చట్టమూ చెప్పదు. 2025 మార్చి 2 నుంచి 11 వారాలపాటు ఇజ్రాయెల్ గాజాలోకి తిండి, మందులు, ఇంధనం ఏదీ పోనివ్వలేదు. ఆగస్టు 22న గాజా నగర ప్రాంతంలో కరువు నిర్ధారణ అయింది. ఇజ్రాయెల్ అది అబద్ధమంది. సూడాన్ ప్రభుత్వం కూడా అంతకుముందు అదే పని చేసింది, ఏకంగా ఆ నిర్ధారణ వ్యవస్థలోంచే 2024 డిసెంబర్‌లో బయటికొచ్చేసింది. ఒకరు యూదు రాజ్యం, మరొకరు ముస్లిం సైనిక పాలకులు. ఆకలి లేదని బుకాయించడంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే దారి. గాజా మాటెత్తగానే మతం వైపు పరిగెత్తే మన చర్చల వాళ్లు ఈ ఒక్క పోలికను కాస్త ఆగి చూడాలి.

మీలో ఒకరిద్దరు గాజా గురించి గట్టిగానే మాట్లాడారు, కాదనను. నేను చూసినంతలో ఆ మాట ఎవరు ఎవరి పక్షం అన్న గొడవలో కొట్టుకుపోయింది. హైదరాబాద్ శివారులోని ఫ్యాక్టరీ గేటు దాకా రాలేదు. రావలసిన కారణాలున్నాయి. 2024 ఏప్రిల్ 1న దైర్ అల్ బలాలో వంద టన్నుల ఆహారం దింపి వెనక్కి వస్తున్న వరల్డ్ సెంట్రల్ కిచెన్ కార్లను ఇజ్రాయెల్ డ్రోన్లు ఒకదాని తర్వాత ఒకటి పేల్చాయి. అన్నం పెట్టడానికి వెళ్లిన ఏడుగురు చనిపోయారు. పొరపాటు జరిగిందని ఇజ్రాయెల్ సైన్యం ఒప్పుకుని ఇద్దరు అధికారులను తప్పించింది. ఆ దాడికి వాడింది హెర్మెస్ 450 డ్రోన్ అని ఇజ్రాయెల్ పత్రికలే రాశాయి. మన దగ్గర తయారయ్యే 900 దానికి పెద్దన్న. అదే ఏడాది ఫిబ్రవరిలో, హైదరాబాద్ ఫ్యాక్టరీ నుంచి 20 హెర్మెస్ 900 డ్రోన్లు ఇజ్రాయెల్‌కు వెళ్లాయని రక్షణ రంగ పత్రిక ఒకటి రాసింది. దాన్ని రెండు దేశాల ప్రభుత్వాలూ బహిరంగంగా ధ్రువీకరించలేదు. మే నెలలో చెన్నై నుంచి ఇజ్రాయెల్‌కు పేలుడు పదార్థాలు మోసుకుపోతున్న ఓడను తమ రేవులో ఆగనివ్వబోమని స్పెయిన్ ప్రభుత్వం ప్రకటించింది. 27 టన్నులట. మన రేవు నుంచి బయల్దేరిన సరుకు గురించి మనకు తెలిసింది స్పెయిన్ విదేశాంగ మంత్రి నోట.

మన పూర్వీకులకు ఇలాంటివి తెలియకపోలేదు. 1942లో జపాన్ బర్మాను పట్టుకుంది, బర్మా బియ్యం ఆగిపోయింది. శత్రువు చేతికి చిక్కకూడదని బ్రిటిష్ ప్రభుత్వం తీర బెంగాల్‌లో బియ్యం నిల్వలు ఎత్తించింది, పది మందికి మించి పట్టే పడవలను వేల సంఖ్యలో లాక్కుంది, కొన్నింటిని ముంచింది. పడవ పోతే జాలరికి వేట లేదు, రైతుకు సంత దారి లేదు. పట్నంలో యుద్ధ ఫ్యాక్టరీలకు రేషన్ నడిచింది, పల్లె నోటికాడి కూడు పోయింది. ఆ ఊళ్లలో పెద్ద యుద్ధమేదీ జరగకుండానే సుమారు 30 లక్షల మంది చనిపోయారు. సెన్సారు నీడలోనే స్టేట్స్‌మన్ సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ కలకత్తా వీధుల్లోని ఫొటోలు అచ్చేశాడు. ఆ తేదీ 1943 ఆగస్టు 22. గాజాలో కరువు నిర్ధారణకు సరిగ్గా 82 ఏళ్ల ముందు. చిత్రకారుడు చిత్తప్రసాద్ ఊరూరా తిరిగి గీసిన బొమ్మల పుస్తకం ప్రతులను ప్రభుత్వం తగలబెట్టించింది.

ఆ వార్త తెలుగునాటికి ఎలా చేరిందో తలచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. ప్రజానాట్యమండలి దళాలు పల్లెపల్లెకూ మోసుకొచ్చాయి. షేక్ నాజర్ 'బెంగాల్ కరువు' బుర్రకథ కట్టాడు. టీవీ లేని కాలంలో, ఇంటింటికీ రేడియో కూడా లేని కాలంలో, వందల మైళ్ల అవతలి ఆకలి మన రచ్చబండ మీద చర్చకు వచ్చింది. దాన్ని తెచ్చిందెవరు, తినేవాడి ముందునుంచి బియ్యం ఎత్తుకుపోయిందెవరు అన్న ప్రశ్నతో సహా వచ్చింది. ఇవాళ జేబులో ఫోనుంది, ఎల్ ఫషేర్ ఉపగ్రహ చిత్రం క్షణంలో తెరమీదికొస్తుంది. రానిది ఆ ప్రశ్న.

చట్టాలు లేక కాదు. పౌరులను పస్తులుంచి యుద్ధం గెలవడాన్ని ఖండిస్తూ భద్రతామండలి 2018 మేలో 2417వ తీర్మానాన్ని ఏకగ్రీవంగా చేసింది. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2024 నవంబర్ 21న ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు మీద, మాజీ రక్షణ మంత్రి గాలాంట్ మీద జారీచేసిన వారంట్లలో ఆకలిని యుద్ధపద్ధతిగా వాడిన అభియోగం ఉంది. ఆ కోర్టులో మనం సభ్యులం కాము. పౌరుల మీద నేరాలకు వాడతారని తెలిస్తే ఆయుధం అమ్మకూడదని చెప్పే ఆయుధ వాణిజ్య ఒప్పందాన్ని ఐక్యరాజ్యసమితి 2013 ఏప్రిల్ 2న ఆమోదించింది. 154 దేశాలు ఔనన్నాయి, ఉత్తర కొరియా, ఇరాన్, సిరియా కాదన్నాయి. ఓటేయకుండా ఉన్న 23 దేశాల్లో మనం ఉన్నాం. అమ్మే దేశాలకు అనుకూలంగా ఉంది, కొనే దేశాల ప్రయోజనం చూడలేదు, ఉగ్రవాదుల చేతికి పోకుండా కట్టడి చాలదు అన్నది అప్పటి మన వాదన. అందులో కొంత న్యాయం లేకపోలేదు. అప్పుడు మనం ముఖ్యంగా కొనేవాళ్లం. ఇప్పుడు అమ్మేవాళ్లం కూడా. కొనేటప్పుడు చెప్పిన మాట అమ్మేటప్పుడు చెల్లుతుందా అని ఇన్నేళ్లలో మళ్లీ చర్చించుకున్నామా?

2024 సెప్టెంబర్ 9న, ఇజ్రాయెల్‌కు ఆయుధ ఎగుమతులు ఆపించాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది. విదేశాంగ విధానం ప్రభుత్వం చూసుకోవలసింది, అందులో మేం వేలు పెట్టలేమంది. కోర్టు తీర్పుతో నాకు పేచీ లేదు. రాజ్యాంగం 75వ అధికరణ ప్రకారం ఆ ప్రభుత్వం జవాబుదారీ లోక్‌సభకు. అంటే కోర్టు తన తలుపు వేసి, మీ ఇంటి దారి చూపించింది. ఆ దారినే వచ్చి మీ తలుపు కొడుతున్నాను.

బయటి దేశాల్లో ఏం చేస్తున్నారో చెప్పాలి. నెదర్లాండ్స్‌లో 2024 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు ఎఫ్-35 విమాన భాగాలను ఇజ్రాయెల్‌కు పంపొద్దని ప్రభుత్వాన్ని ఆదేశించింది. తర్వాత సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని ప్రభుత్వానికే వదిలింది, కాని అనుమతిని మళ్లీ పరిశీలించి తీరాలంది. బ్రిటన్ 2024 సెప్టెంబర్‌లో ఇజ్రాయెల్‌కున్న సుమారు 350 లైసెన్సుల్లో 30 వరకు నిలిపేసింది. అది కంటితుడుపేనని అక్కడి జనం మండిపడ్డారు. నిజంగా కంటితుడుపే. నేను చూసేది వేరే సంగతి. మండిపడటానికి వాళ్ల చేతిలో 350 అనీ 30 అనీ అంకెలున్నాయి. పోట్లాడటానికైనా ఒక అంకె కావాలి కదా, అది కూడా మన దగ్గర లేదు.

ఈ మాట అనగానే వచ్చే జవాబులు నాకు తెలుసు. మనం అమ్మకపోతే చైనా అమ్ముతుంది, టర్కీ అమ్ముతుంది అంటారు. అమ్ముతాయి. సారా కొట్టు పెట్టినవాడు కూడా అదే అంటాడు, నేను మూస్తే పక్కవాడు తెరుస్తాడని. చాలా దూరంలో జరిగే యుద్ధం, మన జనానికి ఏం పట్టిందంటారు. 2022లో ఉక్రెయిన్ రేవులు మూతపడ్డప్పుడు మన వంటింట్లో పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ ఎంత పలికిందో మీ ఇంట్లోవాళ్లను అడగండి. ఆ యుద్ధభూమికి ఉద్యోగం ఆశతో మోసపోయి వెళ్లిన హైదరాబాద్ కుర్రవాడు 2024లో శవమై తిరిగొచ్చాడు. రహస్యాలు బయటపెడితే దేశభద్రతకు ముప్పంటారు. ఇది ఆలోచించవలసిన మాట. క్షిపణి లోపలి సాంకేతికత, మన సైన్యం దగ్గరున్న నిల్వలు, సరిహద్దు మోహరింపు ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఇంకొక దేశానికి డబ్బు తీసుకుని అమ్మిన సరుకు పేరు ఆ కోవలోకి రాదు. కొన్నవాడికి తెలుసు, మోసిన ఓడకు తెలుసు, తన రేవులో ఆగనివ్వని స్పెయిన్‌కు తెలుసు. తెలియనిది మీకూ, మీకు ఓటేసిన మాకూ.

కాబట్టి అడగండి. ఏ దేశానికి, ఏ రకం ఆయుధానికి, ఎంత విలువకు అనుమతి ఇచ్చారో ఏటా సభ ముందు పెట్టమనండి, అమ్మి ఏడాది గడిచాక పెట్టినా సరే. పౌరులను ఆకలితో మాడుస్తున్నారని ఐక్యరాజ్యసమితి సంస్థలు నిర్ధారించిన యుద్ధంలో పాల్గొంటున్న దేశానికి, ఆ పాల్గొనేవాళ్లకు సరుకు చేరవేస్తున్నారన్న ఆరోపణ ఉన్న దేశానికి అనుమతి ఇచ్చేముందు రక్షణ ఉత్పత్తుల శాఖ ఏం పరిశీలిస్తుందో, అసలు పరిశీలిస్తుందో లేదో అడగండి. తుది వినియోగ ధ్రువపత్రం తీసుకున్నాక మనవాళ్లు ఎవరైనా వెళ్లి చూసివచ్చారా, ఒక్క అనుమతినైనా తర్వాత రద్దు చేశారా అని అడగండి. రక్షణ శాఖ స్థాయీ సంఘంలో 31 మంది సభ్యులుంటారు. ఎగుమతుల మీద అది ప్రత్యేకంగా ఒక నివేదిక ఇవ్వాలని పట్టుబట్టండి. శుక్రవారం మధ్యాహ్నాలు ప్రైవేటు సభ్యుల బిల్లుల కోసమే ఉన్నాయి. అవి నెగ్గవని నాకూ తెలుసు, నెగ్గకపోయినా చర్చ రికార్డులో ఉంటుంది. తెలుగుదేశం, జనసేన సభ్యులు కేంద్రంలో భాగస్వాములు కనుక రక్షణ మంత్రిగారికి నేరుగా చెప్పగలరు. కాంగ్రెస్ సభ్యులు 2013లో ఆ ఓటుకు దూరంగా ఉన్నది తమ ప్రభుత్వమేనని గుర్తుంచుకుని మాట్లాడాలి. బీజేపీ సభ్యులు ఎగుమతుల అంకె చెప్పి గర్వపడుతున్నారు, ఆ గర్వానికి చిరునామా కూడా జోడించమంటున్నాను.

రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులూ రక్షణ పరిశ్రమలను పిలవడానికి పోటీలు పడుతున్నారు. భూమి మనది, నీళ్లు మనవి, కరెంటు రాయితీ మనది, కార్మికుడి ప్రాణం మనది. వాటితో తయారైనది ఎవరి మీద వాడుతున్నారో తెలుసుకునే హక్కు ఒక్కటీ మనది కాకపోవడం నాకు మింగుడుపడటం లేదు.

తారాంకిత ప్రశ్నకు 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని లోక్‌సభ నిబంధన. మంత్రి నోటితో జవాబు చెప్పాలి, మీరు లేచి అనుబంధ ప్రశ్న వేయవచ్చు. వచ్చే సమావేశాలకు ఆ గడువు దాటకముందే మీలో ఒకరైనా ఆ నోటీసు మీద సంతకం పెట్టండి. చెప్పలేమని మంత్రిగారు జవాబిస్తే, ఆ జవాబునే కాగితం మీద అచ్చేయించి మీ నియోజకవర్గంలో పంచండి. మిగతా చర్చ మేం చేసుకుంటాం.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక ఓటరు